పాపని ఎవరి చేతికిచ్చాడంటే

పోయిన నెల కూర్మన్నపాలెం అవతల ఒక గ్రంథాలయం వాళ్లు నన్ను పిలిచి, కుర్రాళ్లకి ‘మంచి మగవాడు అంటే ఎవరు’ అన్న విషయం మీద మాట్లాడమన్నారు. మాట్లాడమంటే కాదనడం నాకు చేతకాదు. విషయం ఏదన్నది తర్వాతి సంగతి. వన్ టౌన్‌లో మా ఇంటి దగ్గర బస్సెక్కి, ఒళ్లో కాగితం పెట్టుకుని, పెన్సిలుతో వాదాలు పేర్చుకుంటూ వెళ్తున్నాను. కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు ఆగింది. కిటికీ పక్కనే ఒక కుర్రాడు మోటారుసైకిలు ఆపుకుని అరటిపళ్లు బేరమాడుతున్నాడు. ఒంటి మీద స్టీలు ప్లాంటు యూనిఫారం, బండి అద్దానికి హెల్మెట్, ఛాతీకి భార్య చున్నీతో కట్టుకున్న పసిబిడ్డ. బిడ్డ నెత్తికి ఎండ తగలకుండా ఒక అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో బేరం సాగిస్తున్నాడు. నా ముందు సీట్లో ఇద్దరు నడివయసు మనుషులు అతన్ని చూసి నవ్వుకున్నారు. “పెళ్లాం డూటీకెల్తే ఈడు పాలిత్తన్నాడు బావా” అన్నాడొకడు. తగువు పెట్టుకోడానికి నేను కళ్లజోడు సర్దుకునేలోగా ఇద్దరూ దిగిపోయారు. మిగిలిన దారిలో నా కాగితం మీద ఒక్క మాట కూడా పడలేదు. మా అల్లుడు గుర్తొచ్చాడు. అతనితోబాటు ఒక ఎండాకాలం మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆ సభలో ఏం మాట్లాడానో ఇక్కడ అనవసరం. మాట్లాడలేకపోయింది రాస్తున్నాను.

మా అల్లుడు ప్లాంటులో కడ్డీలు తీసే మిల్లులో పనిచేస్తాడు. ఎర్రగా కాలిన ఇనుము పాములా పరిగెత్తే చోట నిలబడి, అది దారి తప్పకుండా చూసుకోవడం అతని ఉద్యోగం. మా అమ్మాయిది వన్ టౌన్‌లో ఒక షిప్పింగు ఆఫీసు. వాళ్ల కాపురం కూర్మన్నపాలెంలోనే. పాప పుట్టి, అమ్మాయి సెలవు అయిపోవస్తుంటే, పాపని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. మా ఆవిడ అప్పటికే లేదు, అల్లుడి తల్లీ లేదు. పిల్లల పెంపకం ఆడవాళ్ల నెత్తినే ఎందుకు పడాలన్న విషయం మీద నేను ఒక పెద్ద వ్యాసానికి సరిపడా మాట్లాడాను. అల్లుడు అంతా విని, ఏమీ అనకుండా వెళ్లి, ఎవరికీ అక్కర్లేని సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, తోటివాళ్ల దగ్గర మార్చుకుని వచ్చాడు. పొద్దున్న అతను ఇంట్లోకి రాగానే అమ్మాయి బస్సుకి పరిగెత్తేది. సాయంత్రం ఆమె తిరిగొచ్చేదాకా పాప అతనిది. పాప నిద్రపోతే తనూ పడుకునేవాడు, పాప లేస్తే లేచేవాడు. పాప నిద్ర ఎంతో అతని నిద్ర అంతే. మిల్లులో అతన్ని ‘అమ్మగోరు’ అని పిలిచేవారట. ఆ సంగతి చెప్పి తనే నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. మీసం దువ్వుకోవడానికీ, కేకలేయడానికీ, కంచం విసిరికొట్టడానికీ మగతనం అని పేరు పెట్టుకున్న జనం, బిడ్డకి ముడ్డి కడిగిన మగవాణ్ని చూసి నవ్వడానికి సిగ్గుపడరు. ఆ నవ్వే నోళ్లని పెంచింది మన ఇళ్లే. నేను ఇలా మొదలుపెడితే అల్లుడు, “పోనీండి మావయ్యా, ఆల్లకి తెల్దు” అని, పాప గుడ్డలు ఆరేయడానికి డాబా మీదకి పోయేవాడు.

ఎర్ర ఇనుము పక్కన జంకని ఆ మనిషి, పాప తుమ్మితే తెల్లబోయేవాడు. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేవాడు. ఒకసారి నేను గమనిస్తున్నానని తెలిసి, దోమని తోలుతున్నట్టు చెయ్యి ఊపాడు. టీకాలకి తీసుకెళ్లినప్పుడల్లా నర్సుని ఏదో ఒకటి అడిగి వచ్చేవాడు. పాలు గొంతుకి అడ్డం పడితే ఏం చెయ్యాలి, జ్వరం తలకెక్కితే ఏం చెయ్యాలి, ఫిట్సు వస్తే ఎలా పడుకోబెట్టాలి. రానివాటిని తలుచుకుని భయపడటం ఎందుకని నేను వెక్కిరించేవాణ్ని. హేతువాదినైనందుకు నాకు భయాలు లేవని లోకం అనుకునేది. అల్లుడి ఇంటికి వెళ్లిన ప్రతిసారీ నేను పడే భయం ఒకటుందని లోకానికి తెలియదు.

ఆ భయం మా వియ్యంకుడు. చెడ్డవాడు కాడు. ఆయన సొంత ఊరు ప్లాంటు కిందికి పోయింది. పోయిన భూమికి బదులు వచ్చిన ఖలాసీ ఉద్యోగంలో చేరి, అందులోనే రిటైరై, కొడుకు దగ్గరే ఉంటున్నాడు. నేను కృష్ణా జిల్లా నుంచి పోర్టులో గుమాస్తాగా వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాణ్ని. మా ఇద్దరికీ మాట కలిసే విషయాలు తక్కువ. కానీ నేను వెళ్తే చాలు, తనే సంచి పట్టుకుని చేపలకి పోయేవాడు. ముళ్లు తీసుకోవడం నాకు సరిగా రాదని కనిపెట్టి, మాట్లాడుతూనే మెత్తటి ముక్కలు నా కంచంలోకి జరిపేవాడు. అలాంటి మనిషి, పాపకి మూడో నెల నిండగానే, “గుంటకి సురకెట్టించాల బావగారూ” అన్నాడు, టీకా వేయించాలన్నంత మామూలుగా.

చురకంటే, కాల్చిన ఇనుముతో పసిబిడ్డ పొట్ట మీద వాతలు పెట్టడం. అలా పెడితే ఫిట్సు రావని, వచ్చినా పోతాయని నమ్మకం. మాట రాని బిడ్డ కెవ్వుమంటే రోగం బయటికి పోయిందని సంబరపడతారు. ఆ పుండు చీముపట్టి బిడ్డ పోతే తలరాత అంటారు. ఈ క్రూరత్వాన్ని నేను ఎన్నో వేదికల మీద చీల్చి చెండాడాను. కానీ అల్లుడి ఇంట్లో ఆడపిల్ల తండ్రి గొంతు ఎంతవరకూ లేవచ్చన్నది ఎక్కడా రాసి లేకపోయినా అందరికీ తెలుసు. ఆ ఆచారాన్ని కూడా వేదికల మీద ఖండించినవాణ్నే. ఖండించినంత మాత్రాన ఆ గుమ్మంలో నా గొంతు పెరగలేదు. ఆ రోజు, ఇవి పాతకాలపు మాటలు బావగారూ అని మాత్రం అన్నాను. ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టా, నా అమాయకత్వానికి జాలిపడ్డట్టా తెలియలేదు. వాళ్ల వంటింటి కిటికీ చువ్వల మధ్య గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి దోపి ఉండేది. ఎప్పుడు వెళ్లినా మంచినీళ్ల వంకతో లోపలికి పోయి, అది అక్కడే ఉందా అని చూసేవాణ్ని. ఉంటే భయం, లేకపోతే ఇంకా భయం.

పాపకి స్నానం చేయించేటప్పుడు అల్లుడు చొక్కా విప్పి కూర్చునేవాడు. ఒకసారి అతని బొడ్డు చుట్టూ ఉన్న మచ్చలు చూశాను. చర్మం ముడుచుకుపోయి, నిగనిగలాడుతూ, అతనితోబాటే పెరిగి పెద్దవైన మచ్చలు. పాప తడి వేళ్లతో వాటిని గిల్లుతుంటే అతను కితకితలకి మెలికలు తిరుగుతున్నాడు. నేను చూస్తున్నానని, “సిన్నప్పుడు ఎట్టేరంట మావయ్యా. నాకు గేపకం నేదు. ఎండాకాలం దురదెడతాది, అంతే” అన్నాడు. దాంతో నా భయం ఇంకో మెట్టెక్కింది. ఎందుకంటే అల్లుడు మెత్తటివాడు. తండ్రి మంచం మీద ఉంటే తను ఎదురుగా కుర్చీలో కూర్చోడు. ఆయన మాటకి ఎదురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. రేపు పాపకి ఒళ్లు కాలినప్పుడు, ఆ ముసలాయన దబ్బనం పట్టుకుని వస్తే, ఈ మనిషి కాదనగలడా? ఇదే అమ్మాయిని అడిగాను. “ఆయనున్నారు కదా నాన్నా” అంది. ఆయన ఉండటమే నా భయమని ఎలా చెప్పను?

అనుకున్న రోజు వచ్చింది. ఎండలు ముదిరిపోయి, సముద్రం మీంచి వచ్చే గాలి కూడా ఆవిరిలా తగులుతున్న రోజులు. పాప అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. తెల్లవారుజాము నుంచి జ్వరం. సిరప్పు పట్టించి, సాయంత్రం డాక్టరుకి చూపిద్దామనుకుని అమ్మాయి ఆఫీసుకి వెళ్లింది. నేను భోజనాల వేళకి వెళ్లేసరికి, అల్లుడు డ్యూటీ నుంచి వచ్చినవాడు వచ్చినట్టే, ఎర్రబడ్డ కళ్లతో, పాప ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. వియ్యంకుడు గుమ్మంలో మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాడు. ఎవరూ అన్నం తినలేదు. నేను మంచం పక్కన కూర్చుని పాప పాదం పట్టుకున్నాను. పాదం చల్లగా ఉంది, నుదురు పెనంలా ఉంది. పాప నా వైపు చూసినట్టే చూసి, చూపు అలాగే పైకి వెళ్లిపోయింది. చేతులు బిగుసుకుని కొట్టుకోవడం మొదలుపెట్టాయి. దవడ బిగిసింది. పెదాలు నల్లబడ్డాయి. నా చేతిలో ఉన్న చిన్న పాదం పాపది కానట్టు, ఏదో యంత్రం కదుపుతున్నట్టు కదిలింది. ఫిట్సు గురించి నేను చదివింది తక్కువ కాదు. ఒక్క అక్షరం గుర్తు రాలేదు. పాప చచ్చిపోతోందన్న ఒక్క మాట మాత్రం తలలో గంటలా మోగింది.

అల్లుడు పాపని పక్కకి తిప్పాడు. మెడ దగ్గర గుండీ తీశాడు. అలికిడికి పరిగెత్తుకొచ్చిన పక్కింటావిడ పాప గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టబోతే, ఆవిడ చెయ్యి సుతారంగా పక్కకి తోశాడు. ఆవిడ గుమ్మం బయటికి తప్పుకుంది. నోట్లో చెంచా పెడదామని నేను అన్నానట. నాకు గుర్తులేదు. “ఒద్దు మావయ్యా, నోట్లో ఏటీ ఎట్టకూడదు” అన్నాడు. అతని గొంతు మామూలుగానే ఉంది.  అప్పుడు వంటింట్లో గ్యాసు పొయ్యి వెలిగిన చప్పుడు వినపడింది. గుమ్మంలో వియ్యంకుడు లేడు.

నేను వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. పొయ్యి మంటలో దబ్బనం మొన ఎర్రబడుతోంది. ఇంకో చివర పటకారుతో పట్టుకుని ఆయన దాన్నే చూస్తున్నాడు. ముఖం నిండా చెమట. నేను మొదలుపెట్టాను. ఇది జ్వరం వల్ల వచ్చింది, నరాలకి సంబంధించింది, పొట్ట కాలిస్తే తలలో మంట ఎలా ఆరుతుంది, మీరు వివేకం ఉన్నవాళ్లు. వేదిక మీదైతే చప్పట్లు పడే వాదం. ఆయన తల తిప్పలేదు.

“మీరు మాటాడకండి బావగారూ. నాను ఒకన్ని పాతెట్టినోన్ని.”

మా అల్లుడికి ఒక అన్న ఉండేవాడని ఆ క్షణం దాకా నాకు తెలియదు. ఆయన చెప్పిన నాలుగు ముక్కల్లో నాకు అర్థమైంది ఇది. పెద్దవాడికి ఇలాగే జ్వరం వచ్చి ఇలాగే కొట్టుకుంటే, ఆయన తల్లి చురక పెట్టిస్తానని కాళ్లావేళ్లా పడింది. ఆయనే వద్దన్నాడు. అంతకు కొద్ది రోజుల ముందు పట్నం నుంచి ఒక పెద్దమనిషి ఊళ్లోకి వచ్చి, చురకలు పెట్టడం అనాగరికమని ఉపన్యాసం చెప్పాడు. “ఎట్టకూడదన్నాడు. నాను ఇన్నాను” అన్నాడు వియ్యంకుడు. ఆ ఊరికి అప్పట్లో దారి లేదు, బండి లేదు, డాక్టరు లేడు. పిల్లవాడు పోయాడు. రెండోవాడికి జ్వరం రాగానే ఆయనే దగ్గరుండి పెట్టించాడు. వాడు బతికి, ఇదిగో, ముందుగదిలో ఉన్నాడు.

వాదంలో ఆయన పొరపాటు ఎక్కడుందో చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే మొదటిది రెండోదానికి కారణం కాదు. ఇది నేను ఎంతమందికో నేర్పాను. కానీ కాలుతున్న ఇనుము పట్టుకుని, కళ్లలో నీళ్లతో నిలబడ్డ మనిషికి ఆ వాక్యం ఎలా చెప్పాలో ఏ చర్చలోనూ నేర్చుకోలేదు. ఆయన ఊరికి వచ్చిన ఆ పెద్దమనిషి చెప్పిందాంట్లో అక్షరం తప్పు లేదు. చెప్పి వెళ్లిపోయాడు. నాలాంటి వాడే అయి ఉంటాడు.  ఆయన నన్ను భుజంతో పక్కకి జరిపి ముందుగదిలోకి నడిచాడు.

అప్పటికి పాప కొట్టుకోవడం ఆగింది. అది ఇంకా ఘోరంగా ఉంది. తడిగుడ్డలా మెత్తగా, కళ్లు సగం తెరుచుకుని పడి ఉంది. ఊపిరి ఉందో లేదో తెలియదు. వియ్యంకుడు మంచం దగ్గరికి వచ్చి, దబ్బనం ఎత్తి పట్టుకుని, “గౌను పైకి తియ్యరా” అన్నాడు. నేను వెనక నుంచి ఆయన మోచెయ్యి లాగుదామనుకున్నాను. లాగితే ఆ మొన ఎవరి మీద పడుతుందో అని నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

అల్లుడు పాపని రెండు చేతులతో ఎత్తాడు. అడ్డం తిరుగుతాడనుకున్నాను, బయటికి పరిగెత్తుతాడనుకున్నాను. అతను పాపని తండ్రి ముందుకి చాపాడు.

“నాన్నా, నువ్వెత్తుకో.”

 ఇవ్వద్దని అరిచాను. ఇద్దరూ నా వైపు చూడలేదు. అల్లుడు చేతులు చాపి అలాగే నిలబడ్డాడు. పాప తల అతని మణికట్టు మీంచి వాలిపోయి ఉంది. ముసలాయన పాపని చూశాడు, చేతిలో ఇనుముని చూశాడు. ఆ రెంటినీ ఒకేసారి పట్టుకోవడం కుదరదు. ఎంతసేపు అలా నిలబడ్డారో నేను చెప్పలేను. ఆ కాసేపట్లో నేను పాప మూలుగు కోసం చెవులు రిక్కించి, ఇనుము ఆరుతున్న చిన్న చిటపట మాత్రం విన్నాను. తర్వాత ప్లాస్టిక్ చాప కాలిన వాసన వచ్చింది. చూస్తే, ఆయన వంగి పటకారు నేల మీద పెట్టేశాడు. చేతులు చాపాడు.

“పక్కకి తిప్పి పట్టుకో. నోట్లో ఏలు ఎట్టకు. నాను ఆటో తెత్తాను” అని, అల్లుడు కాళ్లకి ఏమీ లేకుండానే జంక్షను వైపు పరిగెత్తాడు. కాలుతున్న తారు మీద అతని పరుగు కిటికీలోంచి చూస్తూ, నా వెనక ఆ గదిలో, పాప, ముసలాయన, ఇంకా పొగ కక్కుతున్న ఆ దబ్బనం ఉన్నాయని గుర్తొచ్చి, తిరగడానికి కూడా భయపడ్డాను. తిరిగాను. ఆయన గోడకి ఆనుకుని, పాపని ఛాతీకి అదుముకుని, ‘అమ్మా, అమ్మా’ అని మాత్రం అంటున్నాడు. కాలితో పటకారుని మంచం కిందకి తోసేశాడు.

ఆటోలో అల్లుడు డ్రైవరు పక్కన ఇరుక్కుని, వెనక్కి తిరిగి, ఒక వేలు పాప ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. గాజువాక దారిలో లారీల వెనక లారీలు. ప్రతి కుదుపుకీ మళ్లీ మొదలైందేమో అని ముగ్గురం పాప ముఖంలోకి వంగేవాళ్లం. దేవుణ్ని నమ్మేవాడికి అలాంటప్పుడు పట్టుకోడానికి ఒక పేరు ఉంటుంది. నాకు అదీ లేదు. ఆటో దిగేటప్పుడు తెలిసింది, దారి పొడుగునా నేను మా వియ్యంకుడి మోచెయ్యి పట్టుకుని ఉన్నానని.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. పాపకి సూది వేసి, ఒళ్లంతా చూసి, జ్వరం ఎక్కువై వచ్చిన ఫిట్సని, ప్రాణభయం లేదని, రాత్రికి ఉంచి చూద్దామని చెప్పింది. ఆ తర్వాత గౌను పైకి తీసి పొట్ట జాగ్రత్తగా పరీక్షించి, మా ముగ్గురినీ వరసగా చూసింది. ఈ పక్క నుంచి వచ్చే పిల్లల పొట్టలు చూసి చూసి ఆమె గొంతు కరుకుదేరినట్టుంది. ఇంట్లో ఏమైనా చేశారా, కాల్చడం లాంటివి, అని అడిగింది. వియ్యంకుడు తల దించుకున్నాడు. నేను నోరు తెరిచాను. నిజం చెప్పడం నా వృత్తి. నాకంటే ముందు అల్లుడు అన్నాడు:

“ఏటీ సెయ్యనేదండి. మా నాన్నే ఎత్తుకొచ్చేరు.”

పాప కళ్లు తెరిచి, నీరసంగా ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు. ముసలాయన వరండాలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. అమ్మాయి ఆఫీసు నుంచి ఏడుస్తూ వచ్చి పాప మీద పడ్డాక, అల్లుణ్ని పక్కకి పిలిచి అడిగాను. అంత ధైర్యం ఎలా చేశావు, ఆయన ఆ ఇనుము కింద పెట్టకపోతే ఏమయ్యేది, అని. అతను నేల మీద కూలబడి అరికాళ్లు చూసుకుంటున్నాడు. బొబ్బలెక్కాయి. ధైర్యం కాదు మావయ్యా, ఇప్పటికీ ఒణుకు తగ్గలేదు చూడండి, అని చేతులు చూపించాడు. “నాను పాపని పట్టుకున్నాను కాబట్టి నిలబడ్డాను. ఆయన సేతిలో ఆ ఇనుము తప్ప ఏటీ నేదు కదా” అన్నాడు.

 నేనైతే ఆ ముసలాయన్ని ఓడించేవాణ్ని. ఓడించి, దబ్బనం లాక్కుని, ఆయన్ని ఆ గదిలో ఒంటరిగా వదిలేసి, పాపతో విజయవంతంగా ఆటో ఎక్కేవాణ్ని. అప్పుడు ఆయన భయం ఎటు పోయేదో, ఇంకే మధ్యాహ్నం ఏ గదిలోకి తిరిగొచ్చేదో ఆలోచించి ఉండను. సంస్కరణ గురించి ఇన్నేళ్లు మాట్లాడినవాణ్ని, మనిషి చేతిలోంచి ఒకటి తీసేస్తే ఆ చేతిలో ఇంకేం పెట్టాలన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న అని అల్లుడి దగ్గర నేర్చుకున్నాను. అతను మాత్రం మర్నాడు మళ్లీ సి షిఫ్టుకి పోయాడు, ‘అమ్మగోరు’ అనిపించుకోడానికి.

కథ అక్కడితో తేలిగ్గా ముగిసిందనుకోకండి. వియ్యంకుడు ఓడిపోలేదు. “ఆ యేల తగ్గింది గానీ, ఎట్టుంటే మల్లీ రాకపోను” అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. అన్నట్టే మళ్లీ వచ్చింది. పాప నడక నేర్చి ఇల్లంతా పీకి పందిరేస్తున్న రోజుల్లో, ఇంట్లో ఆయనా పాపా తప్ప ఎవరూ లేని ఒక పొద్దున. అల్లుడు మందుల కోసం జంక్షనుకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి, ముసలాయన వీధి అరుగు దిగి, పాపని పక్కకి తిప్పి చేతుల్లో పట్టుకుని, ఒక ఆటో ఆపి ఎక్కబోతున్నాడట. పొయ్యి వెలగలేదు. ఈ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. విన్నాక కూడా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కాసేపు ఆయన ఒక్కడే ఆ ఇంట్లో ఎన్నిసార్లు వంటింటి వైపు చూసి ఉంటాడో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ఇప్పుడు పాప బడికి పోతోంది. జ్వరం అన్న మాట వింటే మా మూడు ముఖాలూ ఇంకా ఒకేలా పాలిపోతాయి. కాలం మనుషుల్ని మారుస్తుందని ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. మార్చేటప్పుడు అది కూడా, ఆ మంచం దగ్గర మా వియ్యంకుడిలా, ఏ చెయ్యి ముందు చాపాలో తెలియక, ఒణుకుతూ అంతసేపు నిలబడుతుందని మాత్రం చెప్పలేదు, అప్పటికి నేను చూడలేదు కాబట్టి.